మరమ్మతు బిల్లు: ధర, మాట, న్యాయం

నేటి యుగాన్ని యంత్రయుగమంటారు. పల్లెలో రైతు ఇంటి ముందు కూడా నేడొక మోటారు సైకిలు కనిపిస్తుంది. పట్టణంలో చిరుద్యోగి మొదలు వ్యాపారి వరకు బండి లేనిదే దినచర్య సాగదు. యంత్రమున్న చోట అరుగుదల తప్పదు. అరిగినదాన్ని బాగుచేయించక తప్పదు. బాగుచేసినవానికి డబ్బు చెల్లించక తప్పదు. ఈ మూడవ మెట్టు దగ్గర పుట్టే తగవు మన వీధులలో నిత్యం వినిపించేదే. అది చాలా చిన్న విషయమని మనం దాటిపోతూ ఉంటాం. కాని ఒక విద్యార్థి నన్నడిగిన ప్రశ్న మూలంగా ఈ చిన్న విషయాన్ని గురించి శ్రద్ధగా ఆలోచించవలసి వచ్చింది. ఆ ఆలోచనల సారమే ఈ వ్యాసం.

1. ఒక సంఘటన

కొంతకాలం క్రిందట నా స్కూటరు బాగుచేయించుకోవడానికి మా పట్టణంలోని ఒక షెడ్డుకు వెళ్ళి అక్కడి బల్లమీద కూర్చున్నాను. అంతకుముందే ఒక పెద్దమనిషి తన మోటారు సైకిలు కోసం వచ్చి ఉన్నాడు. దానికి క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్టు మార్చారు. మేస్త్రీ సిగరెట్టు పెట్టె అట్టమీద లెక్క వ్రాసి ఇచ్చాడు. సామానుకు 1,750 రూపాయలు, కూలి 400, వెరసి 2,150.

"ఏం మేస్త్రీ, సామాను ఇంతయిందా?" అని ఆయన అడిగాడు.

"షాపులో ఎంత పడిందో అంతే వేశానయ్యా. అందులో నేను ఒక్క పైసా తినలేదు" అన్నాడు మేస్త్రీ.

పెద్దమనిషి అక్కడికక్కడే విడిభాగాల దుకాణానికి ఫోను చేశాడు. అవే సామాన్లు మేస్త్రీలకు 1,500 రూపాయలకే ఇస్తామని దుకాణంవారు చెప్పారు. ఇక తగవు మొదలైంది. ఆయన దొంగ అన్నాడు. మేస్త్రీ బండి తాళంచెవి జేబులో వేసుకొని, డబ్బు చెల్లించనిదే బండి కదలదన్నాడు. నలుగురూ పోగయ్యారు. చివరకు ఎవరో సర్ది చెప్పగా 2,000 రూపాయల దగ్గర వ్యవహారం తెగింది. బండి వెళ్ళిపోయింది గాని, దొంగ అన్న మాట మాత్రం ఆ షెడ్డులోనే మిగిలిపోయింది.

ఆ సమయంలో ఒక మూల నిలబడి స్పానర్లు తుడుస్తున్న యువకుడు మన కళాశాల విద్యార్థి. మేస్త్రీ కుమారుడు. అతడు నావైపు చూడలేదు. నేనూ అతన్ని పలుకరించలేకపోయాను. మరునాడు తరగతి ముగిసిన తరువాత అతడు నా వద్దకు వచ్చి, "సార్, మా నాన్న దొంగా?" అని అడిగాడు. కొంచెం ఆగి, "పొద్దున ఆయన కూలి ఆరువందలు అడిగాడు సార్. ఆ పెద్దమనిషి బేరమాడి నాలుగువందలకు దించాడు. ఆ సంగతి మీరు రాకముందు జరిగింది" అని కూడా చెప్పాడు.

ఆ రోజున నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఓదార్పు మాటలు చెప్పి పంపించాను. ఓదార్పు సమాధానం కాదు. అతని అనుమతితోనే ఈ విషయం వ్రాస్తున్నాను.

2. ఒకే మొత్తంలో కలిసిపోయే ధరలు

మరమ్మతు బిల్లు చూడటానికి ఒకే అంకె. కాని దానిలో కనీసం నాలుగు వేర్వేరు ధరలున్నాయి. మొదటిది వస్తువు ధర. రెండవది చేతి శ్రమ ధర. మూడవది తెలివి ధర, అనగా లోపం ఎక్కడుందో కనిపెట్టే నేర్పుకు చెల్లించవలసినది. నాలుగవది షెడ్డు ధర. అద్దె, కరెంటు, పనిముట్లు, సహాయకుల జీతాలు, అరువులు, ఒకసారి చేసిన పని మళ్ళీ వచ్చినప్పుడు ఉచితంగా చేయవలసిన శ్రమ, ఇవన్నీ ఈ నాలుగవ దానిలోనివి.

ఈ నాలుగింటిలో వస్తువు ఒక్కటే కంటికి కనిపిస్తుంది. అది పెట్టెలో వస్తుంది. పెట్టెమీద ధర అచ్చువేసి ఉంటుంది. కావున దానికి డబ్బు ఇవ్వడానికి మనకు మనసొప్పుతుంది. మిగిలిన మూడూ కనిపించవు. ఇంజనులో వచ్చే చప్పుడు ఎక్కడిదో తెలుసుకోవడానికి మేస్త్రీ రెండు గంటలు చెవి ఒగ్గి వింటాడు. చివరకు ఒక బోల్టు బిగించగానే చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు మనమేమంటాం? "ఒక బోల్టు బిగించడానికి మూడువందలా?" అంటాం. మనం లెక్కించింది బోల్టు బిగించిన నిమిషాన్ని. అతడు లెక్కించింది ఆ రెండు గంటలను, వాటి వెనుక ఉన్న ఇరవై యేళ్ళ అనుభవాన్ని. వైద్యుడు నాడి చూచి మందు వ్రాయకపోయినా ఫీజు చెల్లిస్తాం. వకీలు సలహా చెప్పి పంపినా చెల్లిస్తాం. నూనె మరకల చేతికి మాత్రం ఆ మర్యాద ఇవ్వం.

దీని ఫలితమేమిటి? కూలి దగ్గర దక్కని డబ్బును మేస్త్రీ సామాను దగ్గర రాబట్టుకొంటాడు. పై సంఘటననే చూడండి. కూలిలో 200 రూపాయలు తగ్గినవి. సామానులో 250 రూపాయలు చేరినవి. బేరమాడి గెలిచానన్న పెద్దమనిషికి చివరి తగవు లేకుంటే 50 రూపాయలు నష్టమే. ఇక్కడితో ఆగితే మేలు. కొన్ని చోట్ల ఈ కూలి కోత నాసిరకం సామానుకు దారితీస్తుంది. కూలి తగ్గించిన యజమాని తన బ్రేకులకు తానే ఎసరు పెట్టుకొన్నవాడవుతాడు. శ్రమకు గౌరవం లేని చోట వస్తువులో మోసం చొరబడుతుందని గ్రహించాలి.

3. వస్తువుపై లాభం తప్పా?

మేస్త్రీ 1,500 రూపాయలకు కొన్న వస్తువును 1,750 రూపాయలకు ఇచ్చాడు. ఇది నేరమా అన్నది మొదటి ప్రశ్న.

లాభం లేని వ్యాపారం లోకంలో లేదు. ప్రాచీన కాలంలో కూడా మన దేశంలో దీనిపై చర్చ ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగవ అధికరణం కంటకశోధనం. దాని మొదటి అధ్యాయమే వృత్తిపనివారి నుండి ప్రజలను రక్షించడాన్ని గురించినది. పనికి కాలం, చోటు, స్వరూపం ముందుగా నిర్ణయించుకొని ఆ ప్రకారం చేయాలని అందులో నియమం ఉంది. తరువాతి అధ్యాయంలో వర్తకుల లాభానికి హద్దు చెప్పబడింది. స్వదేశపు సరకుపై నూటికి 5, పరదేశపు సరకుపై నూటికి 10. అనగా ఆ శాస్త్రకారుడు లాభాన్ని నిషేధించలేదు. దానికి మేర గీశాడు.

నేటి చట్టంలో ఆ మేర పెట్టెమీదనే ఉంటుంది. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 నాటి ప్యాకేజి సరకుల నియమాల ప్రకారం చిల్లరగా అమ్మే ప్యాకెట్టుపై గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయాలి. పన్నులన్నీ ఆ ధరలో కలిసే ఉంటాయి. దానికి మించి అమ్మడం నేరం. ఆ ధరమీద మళ్ళీ జి.ఎస్.టి. కలపడం కూడా తప్పే. వాహనాల విడిభాగాలన్నిటికీ 2025 సెప్టెంబరు 22 నుండి ఈ పన్ను ఏకరీతిగా నూటికి 18 అయింది. అంతకుముందు చాలా భాగాలపై 28 ఉండేది. కాబట్టి పాత ధరలు తెలిసినవారు పెట్టెమీది కొత్త ధరను ఒకసారి చూచుకోవడం మంచిది.

గరిష్ఠ ధర అన్న మాటలోనే ఒక విషయం ఇమిడి ఉంది. అది పై హద్దు మాత్రమే. దుకాణదారుడు మేస్త్రీకి దానికంటె తక్కువకు ఇస్తాడు. ఆ వ్యత్యాసం మేస్త్రీకి మిగులుతుంది. దుకాణానికి వెళ్ళి సరైన భాగం ఎంచుకొని రావడానికి, సొంత డబ్బు పెట్టడానికి, అది సరిపడకపోతే మార్చి తేవడానికి అతనికి దక్కే ప్రతిఫలమది. ఈ సంఘటనలో పెట్టెల మీద అచ్చువేసిన ధర కూడా 1,750 రూపాయలేనని విద్యార్థి తరువాత నాకు చూపించాడు. కావున లాభం మట్టుకు అది అక్రమం కాదు.

సామాను నాణ్యత విషయంలో కూడా ఒక భేదం తెలుసుకోవాలి. డూప్లికేటు అనే ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు వస్తువులను కలిపివేస్తాం. బండి కంపెనీకి భాగాలు తయారుచేసి ఇచ్చే కర్మాగారమే వాటిని తన పేరుతో బజారులో అమ్మవచ్చు. అది డూప్లికేటు కాదు. వేరొక తయారీదారు తన సొంత పేరుతో చేసి తక్కువ ధరకు అమ్మవచ్చు. అది కూడా మోసం కాదు, కొనేవానికి తెలిసినంత వరకు. కంపెనీ పేరును, ముద్రను దొంగిలించి చేసినదే నకిలీ. దానిని తయారుచేసినవారికే కాక తెలిసి అమ్మినవారికి కూడా 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు ఖైదు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నవి. రెండవ రకపు వస్తువు వేసి మొదటి రకపు ధర తీసుకోవడమే షెడ్డులలో తరచుగా జరిగే అన్యాయం.

4. అమ్మకందారా? ప్రతినిధియా?

లాభం తప్పు కాకపోతే తప్పు ఎక్కడుంది? నా అభిప్రాయంలో ఈ వ్యాసానికి ఇదే ఆయువుపట్టు.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో క్రయవిక్రయాలను గురించి ఒక సూక్ష్మమైన విభజన ఉంది. అమ్మేవాడు తాను ఎంతకు కొన్నాడో చెప్పకుండా ధర చెప్పి, ఇద్దరూ మాట్లాడుకొని కుదుర్చుకొనే అమ్మకాన్ని ముసావమా అంటారు. అమ్మేవాడు తాను కొన్న ధరను బయటపెట్టి, దానిపై ఇంత లాభమని చెప్పి అమ్మితే అది మురాబహా. లాభం లేకుండా కొన్న ధరకే ఇస్తే అది తౌలియా. మొదటి దానిలో కొన్న ధర చెప్పవలసిన పని లేదు. తక్కిన రెండూ అమానతు మీద, అనగా నమ్మకం మీద, నిలిచిన అమ్మకాలు. వాటిలో కొన్న ధరను గురించి అబద్ధమాడితే ద్రోహం క్రింద లెక్క.

ఈ వెలుగులో మేస్త్రీ మాట చూడండి. "సామాను 1,750 అవుతుందయ్యా" అని ఊరుకొని ఉంటే అది ముసావమా. ఇష్టమైతే తీసుకొంటారు, లేకుంటే తామే తెచ్చుకొంటారు. కాని అతడు "షాపులో ఎంత పడిందో అంతే వేశాను" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో వ్యవహారం నమ్మకపు అమ్మకంగా మారిపోయింది. 250 రూపాయల లాభం దోషం కాదు. ఆ వాక్యం దోషం. న్యాయంగా తనదైన లాభాన్ని అతడు దాచవలసిన దొంగసొత్తుగా మార్చుకొన్నాడు.

నేటి చట్టం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. మేస్త్రీ తన వస్తువును మనకు అమ్మితే 1930 నాటి సరకుల విక్రయ చట్టం వర్తిస్తుంది. ధర ముందుగా నిర్ణయించుకోకపోతే కొనేవాడు సమంజసమైన ధర చెల్లించాలని దాని 9వ సెక్షను చెబుతుంది. మనం డబ్బు ఇచ్చి "మా తరపున కొనుక్కొని రా" అని పంపితే అతడు మన ప్రతినిధి. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం ప్రతినిధి తన యజమానికి లెక్క చెప్పాలి. యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలో సొంత లాభం చూచుకొంటే దానిని యజమాని కోరవచ్చు. ఈ రెండు పాత్రలలో తాను దేనిలో ఉన్నాడో మేస్త్రీ ముందుగా చెప్పడు. దేనిలో ఉండాలో యజమానీ ముందుగా అడగడు. ఈ మౌనం నుండే తగవులు పుడుతున్నవి.

బాగ్దాదు న్యాయవేత్త అల్ మావర్దీ (మరణం 1058) తన పరిపాలనా గ్రంథంలో బజారు పర్యవేక్షకుడైన ముహ్తసిబు విధులు వివరిస్తూ, వృత్తులను మూడు విధాలుగా పరీక్షించాలన్నాడు. వైద్యులు, ఉపాధ్యాయుల విషయంలో సమర్థత చూడాలి. కంసాలులు, నేతపనివారు, అద్దకంవారి విషయంలో నమ్మకం చూడాలి, ఎందుకంటే ఇతరుల సొత్తు వారి చేతిలో ఉంటుంది. మరికొందరి విషయంలో పని నాణ్యత చూడాలి. నేటి మెకానిక్కును ఈ మూడు తరగతులలో దేనిలో చేర్చాలి? మూడింటిలోనూ చేర్చవలసిందే. వైద్యునివలె రోగం కనిపెడతాడు. కంసాలివలె మన సొత్తును తన వద్ద ఉంచుకొంటాడు. అతని పని నాణ్యతపై మన ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఇంత బరువైన వృత్తిని మనం సిగరెట్టు అట్టమీది లెక్కకు వదిలివేశాం.

5. పెద్ద కంపెనీల సంగతి

దోషమంతా చిన్న షెడ్డులదేనని అనుకోవడం పొరపాటు. అద్దాల గదులు, అచ్చువేసిన బిల్లులు ఉన్న చోట కూడా ధరల అన్యాయం జరుగగలదని మన దేశంలోనే ఒక పెద్ద కేసు రుజువు చేసింది.

కార్ల కంపెనీలు తమ విడిభాగాలను బయటి మెకానిక్కులకు దొరకనివ్వడం లేదని 2011లో భారత పోటీ కమిషను ముందు ఫిర్యాదు దాఖలైంది. విచారణలో పలు విషయాలు వెలువడినవి. భాగాలు తయారుచేసే కర్మాగారాలు వాటిని నేరుగా బజారులో అమ్మకుండా కంపెనీలు కట్టడి చేశాయి. లోపం కనిపెట్టే పరికరాలను, సాంకేతిక పుస్తకాలను బయటివారికి ఇవ్వలేదు. బయట మరమ్మతు చేయిస్తే వారంటీ పోతుందని యజమానులను ఆపాయి. పోటీ లేనందువల్ల కొన్ని భాగాలను కొన్న ధరకు ఎన్నో రెట్లకు అమ్మగలిగాయి. 2014 ఆగస్టు 25న కమిషను 14 కంపెనీలపై మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, పరికరాలు బయటి మెకానిక్కులకు అందుబాటులో ఉంచాలని, బయట మరమ్మతు చేయించిన ఒక్క కారణంతో వారంటీ రద్దుచేయరాదని ఆదేశించింది. దానిపై అప్పీళ్ళు నడిచినవి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయంలో తప్పును ధ్రువపరచి, జరిమానాను మాత్రం విడిభాగాల వ్యాపారపు రాబడి మీద లెక్కించాలన్నది.

ఈ కేసు మనకు నేర్పే పాఠం స్పష్టం. వీధి మేస్త్రీ 250 రూపాయలను మాటతో దాచాడు. కంపెనీలు తమ లాభాన్ని పోటీ లేకుండా చేసి కాపాడుకొన్నాయి. రెండు చోట్లా యజమానికి పోల్చిచూచుకొనే అవకాశం లేకుండా పోయింది. తేడా ఒక్కటే. వీధి మేస్త్రీని మనం ముఖం మీదనే దొంగ అనగలం. పెద్ద కంపెనీ కౌంటరు దగ్గర అచ్చు కాగితం చూచి మారుమాట లేకుండా చెల్లించి వస్తాం. ఇది మన న్యాయబుద్ధికి శోభనివ్వదు.

6. తగవు వచ్చినప్పుడు చట్టం ఏమంటుంది?

మరమ్మతు వివాదాలు సాధారణంగా ఈ క్రింది రూపాలలో వస్తుంటాయి.

ఒకటి, చెప్పినదానికంటె బిల్లు ఎక్కువ కావడం. రెండు, చెప్పని పని చేసి డబ్బు అడగడం. ఈ రెండింటికీ మందు ముందస్తు అంచనా. బండి విప్పిన తరువాత కొత్త లోపం బయటపడటం సహజం. అప్పుడు మేస్త్రీ పని ఆపి ఫోను చేసి అడగాలి. యజమాని సరేనన్న తరువాతనే ముందుకు సాగాలి.

మూడు, బిల్లు ఇవ్వకపోవడం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో, అమ్మిన వస్తువుకు గాని చేసిన సేవకు గాని నియమానుసారం బిల్లు లేదా రసీదు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతిగా చేర్చబడింది. 1986 నాటి చట్టం స్థానంలో ఈ చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది.

నాలుగు, బండిని ఆపి ఉంచడం. మేస్త్రీ తాళంచెవి జేబులో వేసుకోవడం దౌర్జన్యమని చాలామంది భావిస్తారు. కాని ఒప్పందాల చట్టం 170వ సెక్షను, అప్పగించిన వస్తువుపై శ్రమను గాని నేర్పును గాని వినియోగించినవానికి, అందుకు తగిన ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తన వద్ద ఉంచుకొనే హక్కు ఇచ్చింది. ఇది పనివానికి రక్షణ. అయితే ఈ హక్కు చెప్పిన పనికి సంబంధించిన బాకీకే వర్తిస్తుంది. ఎప్పటిదో పాత బాకీకి నేటి బండిని ఆపడానికి ఈ సెక్షను తోడురాదు. ఆపిన బండిని వాడుకొనే హక్కు, అమ్మే హక్కు కూడా దీనివల్ల రావు. తన వద్దనున్నంత కాలం దానిని జాగ్రత్తగా చూడవలసిన బాధ్యత మేస్త్రీదే.

అయిదు, పని లోపభూయిష్ఠంగా ఉండటం, లేక ఒక సామాను చెప్పి మరొకటి వేయడం. వీటిపై జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చు. తగవుకు కారణం పుట్టిన రెండేళ్ళలోపు దాఖలు చేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఫిర్యాదుదారుడు తాను నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫోను చేస్తే కొన్ని తగవులు అక్కడే పరిష్కారమవుతాయి. కాని వీటన్నిటికీ కాగితం కావాలి. సిగరెట్టు అట్టమీది లెక్క ఏ కమిషను ముందూ గట్టిగా నిలువదు. బిల్లు లేకపోతే మోసపోయిన యజమానికీ ఆధారం లేదు, నిందపడిన మేస్త్రీకీ ఆధారం లేదు.

7. ఉభయుల కర్తవ్యం

బండి యజమాని పాటించవలసినవి స్వల్పమే. బండి అప్పగించేటప్పుడే లోపమేమిటో చెప్పి, అంచనా అడిగి వ్రాయించుకోవాలి. సామాను ఏ రకానిది కావాలో తానే చెప్పాలి. మార్చిన పాత సామానును, కొత్తదాని ఖాళీ పెట్టెను అడిగి తీసుకోవాలి. కూలిని చిల్లర బేరంగా చూడరాదు. అనుమానం వస్తే ముందు వివరం అడగాలి. దొంగ అన్న మాట అతని పిల్లల ఎదుట నోటినుండి రానీయరాదు.

మేస్త్రీ పాటించవలసినవి కూడా స్వల్పమే. సామాను, కూలి విడివిడిగా వ్రాయాలి. లోపం కనిపెట్టడానికి పట్టిన సమయానికి ధైర్యంగా విడిగా డబ్బు అడగాలి. సామానులో తన లాభముంటే లేదని చెప్పరాదు. "పెట్టెమీది ధరకే ఇస్తాను, అందులో నాకు కొంత మిగులుతుంది" అని చెబితే గౌరవం తగ్గదు, పెరుగుతుంది. పాత సామానును అడగకముందే చేతికివ్వాలి. తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన వర్తకుణ్ణి, దానిని జనం చూచేటట్లు పైన ఉంచమని ప్రవక్త మందలించిన ఉదంతం హదీసులో ఉంది. అక్కడ తడిసిన ధాన్యం అమ్మరాదన్న నిషేధం లేదు. దాచరాదన్నదే నీతి.

8. ముగింపు

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం.

నాయనా, మీ నాన్న దొంగ కాడు. ఆయన తీసుకొన్న 250 రూపాయలు పెట్టెమీది ధరకు లోబడినవే. ఉదయం తన కూలిలో పోగొట్టుకొన్న 200 రూపాయలు ఆయన చెమటవే. కాని ఆయన ఒక అబద్ధం చెప్పాడు. తన శ్రమకు సూటిగా ధర అడిగితే ఎవరూ ఇవ్వరన్న భయంతో ఆ అబద్ధం చెప్పాడు. ఆ భయం ఆయనొక్కడిలో పుట్టలేదు. మనమందరం కలిసి దానిని పెంచాం. ఆ అబద్ధానికి బాధ్యత ఆయనదే. ఆ భయానికి బాధ్యత మనది.

మన కళాశాల విద్యార్థులలో ఎందరో షెడ్లు, లేతులు, టింకరింగు పనులు, విడిభాగాల దుకాణాలున్న ఇండ్లనుండి వస్తున్నారు. వారు తమ చదువును ఇంటికి తీసుకొనిపోవలసిన మార్గమొకటి ఇక్కడ కనిపిస్తున్నది. తండ్రికి గాని అన్నకు గాని ఒక బిల్లు పుస్తకం వ్రాసిపెట్టడానికి పట్టభద్రుడు కానక్కరలేదు. కళాశాల కమిటీవారికి నాదొక మనవి. వాణిజ్యశాస్త్ర విద్యార్థుల చేత తెలుగు, ఉర్దూ భాషలలో ఒక నమూనా బిల్లు తయారుచేయించి అచ్చువేయించి, మన పట్టణపు షెడ్లకు పంచిపెడితే మేలు. అందులో అంచనా, సామాను రకం, పెట్టెమీది ధర, కూలి, పాత సామాను అప్పగింత అనే అయిదు గళ్ళుంటే చాలు. ఖర్చు కొద్దిపాటిది.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు ఆ విద్యార్థికి చదివి వినిపించాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు ఒక రూళ్ళ నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. మొదటి పుటలో అయిదు గళ్ళు గీసి ఉన్నవి. వాటిక్రింద ఒక బండి నంబరు, సామాను 420, కూలి 300 అని విడివిడిగా వ్రాసి ఉంది. "కూలి మూడువందలని వ్రాయడానికి నాన్న మొదట ఒప్పుకోలేదు సార్. వ్రాసిన తరువాత ఆ మనిషి ఏమీ అనకుండా ఇచ్చి వెళ్ళాడు" అన్నాడు.